ఇలారియా ఇంటి పరామర్శ

ఈ పదేళ్ళలో నైలు ఒడ్డున మిన్యా ఊళ్ళో మా చర్చిల్లో పెళ్ళాడిన మగాళ్ళలో సగం మంది ఇలారియా చేతిపని భుజాన వేసుకునే పెళ్ళాడారు. పెళ్ళి ప్రార్థన మధ్యలో అబూనా, అంటే మా చర్చి గురువు, పెళ్ళికొడుకు భుజాల మీద కప్పే జరీ అంగీని మేం బర్నస్ అంటాం. అది కుట్టడం ఆమె పని. అట్టముక్కల్ని ద్రాక్షతీగల్లా కత్తిరించి గుడ్డ మీద పరిచి, వాటి మీద బంగారు దారాన్ని పక్కపక్కనే ఆనించి, కంటికి కనపడని పట్టుదారంతో టాకాలు వేస్తుంది. మెషీను మీద అయితే పూటలో అయిపోతుందని ఎవరైనా సలహా ఇస్తే, "మెషీను పెళ్ళికొడుకులు వేరే ఉంటారు, వాళ్ళని అటే పొమ్మనండి" అంటుంది.

మనిషి పొట్టి, మాట నెమ్మది. తండ్రి చిన్నప్పుడే పోయాడు. తల్లి విదాద్ నోట్లో నాలుక లేని మనిషి. ఆ లోటు తీర్చడానికా అన్నట్టు కింది వాటాలో విదాద్ అక్క నర్గిస్ ఉంది. నర్గిస్ పెద్దమ్మ మెట్ల మీద కూచుని చిక్కుడుకాయలు ఒలుస్తూ ఎవర్నైనా పేరు పెట్టి పిలిచిందంటే, ఆ పిలిపించుకున్నవాళ్ళు ముందు తమ తప్పులు గుర్తుచేసుకుని తర్వాత "ఏంటి పెద్దమ్మా" అంటారు.

నషాత్‌తో నిశ్చితార్థం అయ్యేనాటికి ఇలారియాకి ముప్పై నిండలేదు. చర్చిలోనే, అబూనా ప్రార్థన చేసి, ఇద్దరికీ కుడిచేతికి ఉంగరాలు తొడిగించి ఖాయం చేశారు. పెళ్ళినాడు ఆ ఉంగరం ఎడమచేతికి మారాలి. మారాలంటే ఇల్లుండాలి, ఇల్లుండాలంటే కువైట్ వెళ్ళాలి. మా కుర్రాళ్ళందరి దారీ అదే. నిశ్చితార్థపు మిఠాయిలు అయిపోకముందే నషాత్ విమానం ఎక్కాడు. ఏటా వేసవిలో ఒక నెల వచ్చేవాడు. నైలు ఒడ్డున ఇద్దరూ గింజలు కొరుక్కుంటూ నడిచేవాళ్ళు. మళ్ళీ వెళ్ళిపోయేవాడు. మిగతా కాలమంతా ఆదివారం సాయంత్రం ఫోనులో ఒక గొంతు.

అలా ఐదేళ్ళు గడిచాయి. నషాత్ వాళ్ళింటి పైన మూడో అంతస్తులో ఇల్లు లేచింది. అతను ఊళ్ళో లేడు కనక గోడల రంగు దగ్గర్నుంచి తలుపుల గడియల దాకా ఇలారియా, కాబోయే అత్తగారు మతిల్దా కలిసి తిరిగి ఎంచారు. శుక్రవారం వస్తే ఇలారియా ఉండేది మతిల్దా ఇంట్లోనే. ఇద్దరూ వంటింటి నేల మీద చతికిలబడి ద్రాక్షాకుల్లో బియ్యం చుడుతూ లోకంలో కబుర్లన్నీ దొర్లించేవాళ్ళు. మతిల్దాకి ఆడపిల్లలు లేరు. ఆమెని మోకాళ్ళ డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళిందీ, ఫోనులో ఫొటో పంపడం నేర్పిందీ ఇలారియాయే. ఇలారియా ఆమెని "అత్తయ్యా" అనే పిలిచేది, పెళ్ళి ఇంకా కాలేదన్న సంగతి ఇద్దరికీ గుర్తుండేది కాదు.

ఆ చలికాలం నషాత్ చెప్పాపెట్టకుండా దిగాడు. కువైట్‌లో తన ఆఫీసులోనే పనిచేసే అసియూత్ ఊరి అమ్మాయి మీద మనసుపడ్డాడట. "మనకి రాసిపెట్టి లేదు" అన్నాడు. మా వాళ్ళకి ఈ మాట ఎంత సుఖమో చెప్పలేను. తప్పు చేసినవాడు పక్కకి తప్పుకుని రాతని ముందుకి తోస్తాడు. రాతని ఎవరు నిలదీస్తారు?

చర్చి గదిలో అబూనా బిసెంతీ ముందు, ఇరువైపుల పెద్దల ముందు ఉంగరాలు తీసి బల్ల మీద పెట్టారు. మతిల్దా తల ఎత్తలేదు. నర్గిస్ తలగుడ్డ అంచు నోట్లో కుక్కుకుని కూచుంది. అప్పుడు ఇలారియా నవ్వింది.

"నిన్ను క్షమించాను నషాత్. దేవుడు నిన్ను చల్లగా చూడాలి" అంది.

ఆ మాట వీధంతా పాకింది. ఏం పిల్ల, ఏం విశ్వాసం అని అందరూ ముక్కున వేలేసుకున్నారు. ఆ ఆదివారం ఆమె ఇంకో పని కూడా చేసింది. నషాత్ భుజాన వేయాలని తీరిక దొరికినప్పుడల్లా కుట్టుకుంటూ వచ్చిన బర్నస్‌ని మడతపెట్టి తెచ్చి చర్చికి ఇచ్చేసింది. ఎవరి పెళ్ళికైనా వాడుకోండి అంది. ఇక అడగాలా! తల్లులు తమ కూతుళ్ళని దెప్పడానికి ఇలారియా పేరు దొరికింది.

తర్వాత ఈస్టరు ముందు వచ్చే పెద్ద ఉపవాసకాలం వచ్చింది. అందరం మాంసం, పాలు, గుడ్లు మానేస్తాం, మధ్యాహ్నం దాకా ఏమీ ముట్టం. ఇలారియా పొద్దుగూకేదాకా ముట్టలేదు. ముట్టినా రొట్టె, ఉప్పు. మనిషి పుల్లలా అయింది. భక్తి అనుకున్నారు. ఉపవాసకాలంలో పస్తున్న మనిషిని వద్దనేదెవరు?

ఈస్టరు వచ్చింది, వెళ్ళింది. ఈస్టరు తర్వాత యాభై రోజులు మాకు ఉపవాసం లేదు, సాష్టాంగాలు లేవు. ప్రభువు లేచాడు కనక సంతోషించి తీరాలి, అది నియమం. ఇంటింటా జున్ను, వెన్న, వేపుళ్ళు. విదాద్ గుడ్లు వేయించి కూతురి ముందు పెట్టేది. ఇలారియా "తర్వాత తింటానమ్మా" అని కుట్టుబల్ల దగ్గరికి తీసుకుపోయేది. ఆ గుడ్లన్నీ డాబా మీద పిల్లులు తిన్నాయి. తలుపు వేసుకుని మాత్రం ఉప్పూ రొట్టె తిని, సాష్టాంగాలు చేసేది. సంతోషపడాల్సిన రోజుల్లో దొంగతనంగా ఉపవాసం చేసినవాళ్ళని నేనింకెవర్నీ ఎరగను.

కింది వాటాలో నర్గిస్‌కి కప్పు మీంచి దబ్, దబ్ అని చప్పుడు వినపడింది. ఆమె చెవులు ఊరికే ఉంటాయా. మెట్లెక్కి వచ్చి తలుపుకి చెవి ఆనించింది. చప్పుడేమిటో అర్థమయ్యాక చప్పుళ్ళ మధ్య ఏడుపు వినపడుతుందేమోనని చాలాసేపు నిలబడింది. వినపడలేదు. అదే ఆమెని భయపెట్టింది.

అదే వారం ఇలారియా ఒక సిలువని వంకరగా కుట్టింది. ఈస్టరు తర్వాత పెళ్ళిళ్ళ రద్దీ, చేతినిండా పని. వంకర సిలువ విప్పుదామని చూస్తే పట్టుగుడ్డ మీద సూదిగుర్తులు ఉండిపోయాయి. గుడ్డ పక్కన పడేసి చెయ్యి చూసుకుంది. ఆ మర్నాడే చర్చికి వెళ్ళింది.

అబూనా బిసెంతీ ఆమెకి పాపాలు చెప్పుకునే తండ్రి. గురువు కాకముందు ఆయన మానసిక వైద్యుడు, మా వీధి భాషలో పిచ్చాసుపత్రి డాక్టరు. పాడితే శ్రుతి ఉండదు, కళ్ళజోడు ఎక్కడ పెట్టాడో గుర్తుండదు, అందరి పేర్లూ కలిపేస్తాడు. ఇలారియాని మాత్రం సరిగ్గానే పిలుస్తాడు.

"అబూనా, నన్ను దీవించండి. మఠానికి వెళ్తాను."

"వెళ్ళిరా. ఎవర్ని చూడ్డానికి?"

"ఉండిపోవడానికి."

"ఓహో!" అని ఆయన కళ్ళజోడు కోసం తడుముకున్నాడు. అది నెత్తినే ఉంది. "ఈస్టరు తర్వాత గుడ్డు తిన్నావా?"

ఇలారియా తలగుడ్డ సర్దుకుంది.

"మీ పెద్దమ్మ వచ్చి వెళ్ళింది. నీ సాష్టాంగాలకి తన ఇంటి సున్నం రాలుతోందట."

"పాపమే అబూనా. నాకు తెలుసు. అయినా ఆపలేకపోతున్నాను."

"పాపం సంగతి తర్వాత. నషాత్ మీద కోపం ఉందా?"

"లేదు. క్షమించేశాను."

"ఎప్పుడు?"

"ఆ రోజే. మీ ముందే కదా."

"ఎంతసేపు పట్టింది? నేను చూస్తూనే ఉన్నానులే. ఉంగరం తీసి బల్ల మీద పెట్టినంతసేపు." ఆయన కుర్చీ దగ్గరికి జరుపుకున్నాడు. "మా అన్న పొలం గట్టు జరిపాడని నాకు కోపం వచ్చి చాలా ఏళ్ళైంది. గడ్డం తెల్లబడిందిగానీ కోపం సగమే తగ్గింది. నువ్వు నన్ను చాలా దూరం దాటిపోయావు తల్లీ."

"మీరు నన్ను ఎగతాళి చేస్తున్నారు."

"చేస్తున్నాను. ఏడుస్తావేమోనని చూస్తున్నాను. అమ్మాయికి ఏడుపు రావడంలేదు. ఆసుపత్రిలో అరిచి గోలపెట్టేవాళ్ళంటే నాకు భయం ఉండేది కాదు. నవ్వుతూ వచ్చి 'నాకేం లేదు డాక్టరుగారూ, మావాళ్ళే తీసుకొచ్చారు' అనేవాళ్ళంటేనే భయం."

ఇలారియా చేతులు ఒళ్ళో దాచుకుంది.

"ఎవరైనా పోతే మూడో రోజు నేను ఇంటికెళ్ళి ప్రార్థన చేస్తాను. ఊళ్ళోవాళ్ళు వచ్చి చక్కెర లేని కాఫీ తాగి వెళ్తారు. నలభయ్యో రోజు మళ్ళీ. అదంతా పోయినవాళ్ళ కోసమేనా? ఉన్నవాళ్ళకి ఏడవడానికి ఒక రోజు, ఒక చోటు ఉండాలని. నీ ఇంట్లో ఐదేళ్ళ కాపురం పోయింది. ఒక్కళ్ళు పరామర్శకి వచ్చారా? 'పోనీలే, వాడి తాతలాంటివాడు దొరుకుతాడు' అన్నారు. మొగుడు పోయినదాని దగ్గరికెళ్ళి ఎవరైనా అలా అంటారా?"

"నాకెవరూ చచ్చిపోలేదు అబూనా."

"అదే నీ చిక్కు. శవం లేని చావు. ప్రభువుకి తన స్నేహితుణ్ణి సమాధిలోంచి లేపుతానని తెలుసు. తెలిసీ ఆ సమాధి దగ్గర నిలబడి ముందు ఏడ్చాడు. ఆ తర్వాతే పిలిచాడు. నువ్వేమో ఏడుపు దాటేసి నేరుగా పునరుత్థానం దగ్గరికి ఉరికావు." ఆయన లేచాడు. "మఠం వాళ్ళకి నీ తండ్రిగా నేను మాటివ్వాలి. ఇప్పుడివ్వను. ఈ యాభై రోజులూ ముగిసే పెంతెకోస్తు దాకా రోజూ గుడ్డు తిను. ఇది నా ఆజ్ఞ, పిల్లులకి కాదు, నీకు."

ఇలారియా ఇంటికొచ్చి గుడ్డు తింది. ఒంటికాలి మీద లేవాలన్నంత కోపం వచ్చింది ఆయన మీద. అయినా తండ్రి ఆజ్ఞ, తినక తప్పదు.

అబూనా అక్కడితో ఊరుకోలేదు. నర్గిస్ దగ్గరికి వచ్చాడు. ఇది చిన్న విషయం కాదు. నర్గిస్ పుట్టిన పల్లెలో ఆమె తల్లి, అమ్మమ్మ చావింట ఏడుపుపాటలు కట్టి ఏడవడంలో పేరు పడ్డవాళ్ళు. నర్గిస్ గొంతెత్తితే శత్రువు కూడా కళ్ళు తుడుచుకోవాల్సిందే. చర్చికి ఆ ఏడుపులు నచ్చవు. పునరుత్థానాన్ని నమ్మేవాళ్ళు గుండెలు బాదుకోకూడదని అబూనా బిసెంతీయే ఒక చావింట అందరి ముందూ ఆమెని ఆపాడు. ఆనాటి నుంచి నర్గిస్ ఆయన చేతి సిలువని ముద్దు పెట్టుకునేది గానీ మొహం చూసేది కాదు.

"నర్గిస్, నీతో పనిపడింది" అన్నాడు మెట్ల దగ్గర నిలబడి.

"నాతోనా? నోరు కుట్టేయించారుగా. ఇంకేం పని?"

"ఒక్క పూటకి ఆ కుట్లు విప్పు."

నర్గిస్ ఒలుస్తున్న చిక్కుడుకాయ చేతిలోనే ఉండిపోయింది. "అయ్యో, ఎవరు పోయారు?"

"మీ ఇలారియా పెళ్ళి."

ఆమె తలగుడ్డతో ముక్కు తుడుచుకుంది. "మీరు వద్దన్న పని మీరే చెయ్యమంటున్నారు. ఆదివారం వేదిక ఎక్కి నన్ను తిడితే?"

"తిడతాను. కాకపోతే పేరు చెప్పకుండా తిడతాను."

"పోనీలెండి, అదైనా నయం" అంది నర్గిస్. ఇన్నేళ్ళకి ఆయన మొహం చూసింది.

పెంతెకోస్తు దాటిన మర్నాడు మధ్యాహ్నం ఇలారియా దారపు ఉండలు కొనుక్కుని ఇంటికి వచ్చేసరికి గదిలో కుర్చీలన్నీ గోడవారగా సర్దేసి ఉన్నాయి. తల్లి, నర్గిస్, నర్గిస్ ఈడు ఆడవాళ్ళు ముగ్గురు, అందరూ నల్లబట్టల్లో కూచున్నారు. చిన్న కప్పుల్లో కాఫీ.

"ఎవరమ్మా? ఎవరు పోయారు?"

"కూచో" అంది నర్గిస్. "పోయింది నీవాళ్ళే."

ఇలారియా కప్పు అందుకుని ఒక గుక్క తాగింది. చక్కెర లేదు. అప్పటికి అర్థమై నవ్వేసింది. "పెద్దమ్మా, ఇదేం తమాషా? పక్కింటివాళ్ళు వింటే..."

నర్గిస్ కళ్ళు మూసుకుని గొంతెత్తింది.

"మూడో అంతస్తు లేపిరే, మెట్లకి నునుపు తీసిరే,
ఎక్కవలసిన పిల్లకి ఎదురు తలుపు మూసిరే.
అద్దమేమో అమరెనే, అందులో మొహమే లేదే,
పరుపు మీద ముసుగుందే, పడుకునే నిదరే లేదే."

ఆడవాళ్ళు ఊగుతూ చివరి మాటని అందుకున్నారు. ఇలారియా ఇంకా నవ్వుతూనే ఉంది, కాని ఆ నవ్వు మొహానికి అతికించినట్టు ఉండిపోయింది. నర్గిస్ ఆగలేదు. అద్దం నుంచి వంటింటికి వెళ్ళింది, వంటింటి నుంచి నడవాలోకి వెళ్ళింది, అక్కడ తిరగాల్సిన పిల్లల దగ్గరికి వెళ్ళింది.

"పుట్టకుండానే పేరు పెట్టుకున్న తల్లీ,
నార్దీన్ అని ఎవర్ని కేకేస్తావే, ఇంక ఎవరు పలుకుతారే?"

నార్దీన్. ఎప్పుడో దారం చుడుతూ, కూతురు పుడితే ఆ పేరు పెడతానని పెద్దమ్మతో అంది ఇలారియా. కాఫీ కప్పు నేల మీద పడి పగిలింది. అది ఆమే విసిరిందో, జారిందో ఆమెకే తెలీదు.

"ఫోను పెట్టేముందు ప్రతిసారీ 'నా ఇల్లాలా' అనేవాడు పెద్దమ్మా! ప్రతిసారీ! దాన్నీ అలాగే అంటున్నాడా అప్పుడు? ఒకే ఫోనులోనా?" అని అరిచింది. ఆ గొంతు ఎవరూ ఎప్పుడూ విననిది. "నేను క్షమించలేదు! వాణ్ణి క్షమించలేదు! ఆ బర్నస్ దేవుడికి ఇవ్వలేదు నేను, నలుగురూ చూడాలని ఇచ్చాను. నేనేడుస్తున్నానని వాడికి తెలియకూడదని ఇచ్చాను!"

పక్కింటి కిటికీ తెరుచుకుంది. నర్గిస్ వెళ్ళి దాన్ని తన చేత్తోనే మూసి వచ్చింది. వచ్చి ఇలారియా తల ఒళ్ళో పెట్టుకుంది. ఆ మధ్యాహ్నం ఇలారియా ఏడ్చిన ఏడుపు చూసి విదాద్‌కి కూడా మాటలు వచ్చాయి. "ఏడువు తల్లీ, ఏడువు" అంది, అంతకుమించి పెద్ద మాట ఆమె జన్మలో అనలేదు. పొద్దువాలాక చెరకు పాకంలో నువ్వుల ముద్ద కలిపి రొట్టెతో పెడితే, ఇలారియా వేళ్ళు నాక్కుంటూ తిని, అక్కడే నేల మీద నిద్రపోయింది.

తెల్లారాక భయం పట్టుకుంది. పరుగున వెళ్ళి అబూనా ముందు నిలబడింది.

"అబూనా, నాలో క్షమాపణ లేదు. ఒక్క చుక్క లేదు. అంతా పోయింది."

"పోలేదు తల్లీ, ఎప్పుడూ లేదు. ఇప్పుడు నీకు తెలిసింది."

"మరి నేనెలా ప్రార్థన చెయ్యాలి? ఆ మాట అబద్ధం అవుతుంది కదా, మా రుణస్తుల్ని మేం క్షమించినట్టు అని?"

"అబద్ధం చెప్పకు. ఉన్నదే చెప్పు. 'ప్రభువా, ఈ రోజు నా దగ్గర లేదు. ఇవ్వాలని ఉందో లేదో కూడా తెలీదు' అను. కీర్తనల్లో సగం మంది ఆయనతో అలా పోట్లాడినవాళ్ళే. ఆయన ఎవర్నీ బయటికి గెంటలేదు." ఆయన గుమ్మం దాకా వచ్చాడు. "అన్నట్టు, మఠం సంగతి ఏంచేశావు?"

"ఏ మఠం?" అంది ఇలారియా పరధ్యానంగా, ముక్కు తుడుచుకుంటూ. అబూనా గడ్డంలో నవ్వు దాచుకున్నాడు.

అక్కడితో కథ సుఖంగా అయిపోతే బాగుండేది. అసలు కష్టం ఆ ఆదివారం మొదలైంది. మా పూజ మధ్యలో ఒకళ్ళకొకళ్ళు సమాధానం, అంటే శాంతి, చెప్పుకోమని సేవకుడు పిలుస్తాడు. పక్కనున్నవాళ్ళ అరచేతిని అరచేత్తో తాకి, ఆ వేళ్ళని పెదాలకి ఆనించుకోవాలి. మనసులో పగ ఉంచుకుని ఆ పని చేసి, ఆపైన పూజ చివర పంచే ప్రభువు రొట్టె తీసుకోకూడదు. ఇన్ని నెలలూ ఇలారియా అందరితో పాటు మతిల్దాకి కూడా నవ్వుతూ చెయ్యి ఇస్తూనే వచ్చింది. ఆడవాళ్ళ వైపు ఇద్దరిదీ ఒకటే వరస. ఆ ఆదివారం మతిల్దా చెయ్యి చాపింది. ఇలారియా చెయ్యి లేవలేదు. మతిల్దా చెయ్యి గాల్లో ఆగిపోవడం వెనక వరసలన్నీ చూశాయి. ఇలారియా రొట్టె తీసుకోకుండా బయటికి వచ్చేసింది.

వీధి నాలుకలకి మళ్ళీ పని దొరికింది. నిన్న దేవతన్నవాళ్ళే ఇవాళ దయ్యం పట్టిందన్నారు. ఇలారియాకి వాళ్ళ మాటలు పట్టలేదు. ప్రభువు రొట్టె లేకుండా ఎన్నాళ్ళుంటానన్నదే ఆమె బెంగ. ఊహ తెలిసినప్పట్నుంచీ అది లేని వారం లేదు ఆమెకి. మళ్ళీ అబద్ధపు చెయ్యి చాపి తీసుకోవచ్చు, ఎవరూ కనిపెట్టరు. కాని ఆ పని ఇప్పుడు చేతకావడంలేదు.

"రోజూ అదే చెబుతున్నాను అబూనా" అంది ఎండాకాలం మధ్యలో. "సూదికి దారం ఎక్కించేటప్పుడు 'ప్రభువా, ఇవాళ కూడా లేదు' అంటున్నాను. నషాత్ మీద కోపం కొంచెం పల్చబడింది. వాళ్ళమ్మ మీద మాత్రం కాలేదు. చేసింది వాడు, కోపం ఆవిడ మీద. ఇదేం న్యాయం?"

"వారంలో ఏ రోజు నీకు బరువుగా ఉంటుంది?" అన్నాడాయన.

"శుక్రవారం. పొద్దున్నే లేవబుద్ధి కాదు."

"నషాత్ ఫోను శుక్రవారం వచ్చేదా?"

"లేదు, ఆదివారం సాయంత్రం..." అని ఇలారియా ఆగిపోయింది. వంటింటి నేల, ఉడుకుతున్న బియ్యం వాసన, కాళ్ళు చాపుకుని కూచున్న మతిల్దా, ఆమె చెప్పే పాత పెళ్ళి కబుర్లు, అన్నీ ఒక్కసారి కళ్ళకి కట్టాయి. ఐదేళ్ళలో నషాత్‌తో గడిపిన రోజులెన్ని? మతిల్దాతో గడిపినవెన్ని?

"ఆవిడ తల ఎత్తలేదు అబూనా" అంది, కళ్ళల్లోంచి నీళ్ళు కారుతుంటే. "ఉంగరాలు తీస్తున్నప్పుడు ఒక్కసారైనా నా వైపు చూడలేదు. తర్వాత ఒక్కసారైనా మా ఇంటికి రాలేదు. వాడు వెళ్ళిపోతే వెళ్ళిపోయాడు. ఆవిడ ఎలా ఊరుకుంది?"

"విడిచింది ఒకడు, నువ్వు పోగొట్టుకున్నది ఇద్దర్ని" అన్నాడు అబూనా. "ఇన్నాళ్ళూ ఒకరి కోసమే ఏడ్చావు."

ఆయన మతిల్దాకి కబురు పెడతానని అనలేదు, ఇలారియాని వెళ్ళమనీ అనలేదు. ఇలారియా ఇంటికొచ్చి ఆ రెండో ఏడుపు కూడా ఏడ్చింది. దీనికి పాటలు అక్కర్లేకపోయాయి. మర్నాటి నుంచి సూది దగ్గర చెప్పే మాటలో మతిల్దా పేరు కూడా చేరింది. పేరు చెప్పినప్పుడల్లా, ఆ మోకాళ్ళకి మందు ఎవరు తెచ్చిపెడుతున్నారో అన్న ఆలోచన అడక్కుండానే వచ్చేది. కోపంగా ఉన్నా వచ్చేది.

చలి మొదలయ్యేసరికి, ప్రభువు పుట్టుక పండగ ఉపవాసం రాకముందే నషాత్ పెళ్ళి అసియూత్‌లో, పెళ్ళికూతురి చర్చిలో అయింది. ఆ రోజంతా ఇలారియా కుట్టుబల్ల దగ్గరే ఉంది. సాయంత్రం నర్గిస్ వచ్చి పక్కన కూచుని దారపు చిక్కులు తీసి పెట్టింది. ఆ ఆడది నోరు మూసుకుని కూచోవడం అదే మొదలు.

ఆ తర్వాతి ఆదివారం మతిల్దా వరసలో తన చోటుకి వచ్చింది. మనిషి బాగా చిక్కిపోయింది. నడకలో కుంటు ఎక్కువైంది. పెళ్ళి జరిపించి వచ్చిన తల్లి మొహంలా లేదు అది. ఇద్దరి మధ్యా ఒకరు పట్టేంత ఖాళీ. సేవకుడు సమాధానం చెప్పుకోమని పాడాడు. చుట్టూ అరచేతులు తాకుతున్న చప్పుడు. మతిల్దా ఈసారి చెయ్యి చాపలేదు. తెల్ల తలగుడ్డని కళ్ళ మీదికి లాక్కుని నేల చూస్తూ నిలబడింది. ఉంగరాలు తీసిన రోజు కూడా ఇలాగే నిలబడిందని ఇలారియాకి తట్టింది. ఆ రోజు ఆమె చూపు తప్పించిందనుకుంది. సిగ్గుతో చచ్చిపోతోందని ఇప్పుడు కనపడింది.

ఇలారియా ఆ ఖాళీలోకి జరిగి చెయ్యి చాపింది.

"ఇంకా కాలేదు" అంది గొంతు తగ్గించి. "అబద్ధం చెప్పను. మీ అబ్బాయిని ఇంకా పూర్తిగా క్షమించలేదు. అది తెలిసి పుచ్చుకుంటానంటే ఇదిగో నా చెయ్యి."

మతిల్దా తల ఎత్తింది. ఆ చేతిని వేళ్ళతో తాకలేదు, రెండు చేతులతో పట్టేసుకుంది.

"నేను మాత్రం క్షమించానా వాణ్ణి? పెళ్ళిలో నవ్వీ నవ్వీ దవడలు నొప్పెట్టాయి. మీ వీధి మలుపు దాకా ఎన్నిసార్లు వచ్చి వెనక్కి పోయానో నీకేం తెలుసు. నా కూతుర్ని నా ఇంట్లోంచి వెళ్ళగొట్టాడే వాడు. ఏ మొహం పెట్టుకుని నీ గుమ్మం ఎక్కను?"

వెనక వరసలో ఎవరో "ష్!" అన్నారు. అందరి చేతులూ విడిపోయాయి, పూజ ముందుకి సాగింది. వీళ్ళ చేతులు విడలేదు.

"మందు ఎవరు తెస్తున్నారు అత్తయ్యా?" అంది ఇలారియా.

"ఎవరూ తేవట్లేదు" అంది మతిల్దా.

రొట్టె పంచే వేళ ఆడవాళ్ళంతా వరస కట్టారు. మతిల్దా మోకాలు మెట్టు ఎక్కలేక ఆగింది. ఇలారియా ఆమె మోచెయ్యి కింద చెయ్యి వేసి ఎక్కించి, ఆమె వెనకే తనూ ఎక్కింది.